సుంకం తగ్గిన చోట ప్రమాణమే ద్వారం: స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు, తెలుగు రాష్ట్రాల ఆహారోత్పత్తులు

సికింద్రాబాద్‌కు ఉత్తరాన బొల్లారం దాటి మేడ్చల్, శామీర్‌పేటల వైపు విస్తరించిన మెట్ట ప్రాంతం గత శతాబ్దపు ఉత్తరార్ధంలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు, కోళ్ల ఫారాలకు ప్రసిద్ధి పొందింది. నగర విస్తరణతో ద్రాక్షతోటలు చాలావరకు కనుమరుగయ్యాయి. కోళ్ల పరిశ్రమ మాత్రం రాష్ట్రమంతటా విస్తరించి నిలదొక్కుకుంది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 10.8 కోట్లు, తెలంగాణలో సుమారు 8 కోట్లు కోళ్లున్నాయి. ఈ పరిశ్రమ మనుగడ మేత ధర, గుడ్డు ధరలపైనే గాక జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో జరిగే వాదోపవాదాలపై కూడా ఆధారపడి ఉంటుందని 2012లో మొదలైన ఒక వివాదం స్పష్టం చేసింది. దేశాల మధ్య సుంకాలు తగ్గుతున్న కొద్దీ ఆహార భద్రతా ప్రమాణాలకు ప్రాధాన్యం ఎందుకు పెరుగుతున్నదో, ఆ ప్రమాణాలు తెలుగు రాష్ట్రాల కోడి, మిరప, వరి, రొయ్యలపై ఏ విధంగా ప్రభావం చూపుతున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒప్పందాల చట్రం

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమలులోకి వచ్చిన పారిశుద్ధ్య, సస్యారోగ్య చర్యల ఒప్పందం ఆహార ప్రమాణాలకు సంబంధించి మూలాధారం. మానవ, జంతు, సస్య ఆరోగ్యాలను కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందని ఇది అంగీకరిస్తుంది. అయితే ఆ చర్యలు శాస్త్రీయ ఆధారంపై నిలవాలని, వాణిజ్యానికి ముసుగు అడ్డంకులు కారాదని నిబంధన విధిస్తుంది. ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో నెలకొల్పిన కోడెక్స్ కమిషన్ ప్రమాణాలను ఆహార విషయంలో కొలబద్దగా స్వీకరిస్తుంది. కోడెక్స్ కంటే కఠినమైన ప్రమాణం పెట్టుకోవడానికి ఏ దేశానికైనా స్వేచ్ఛ ఉంది. కాని అందుకు తగిన ప్రమాద అంచనా చూపవలసి ఉంటుంది.

ద్వైపాక్షిక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు ఈ పునాదిపైనే నిర్మితమవుతాయి. జపాన్‌తో 2011 ఆగస్టు 1న, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో 2022 మే 1న, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్ 29న భారత ఒప్పందాలు అమలులోకి వచ్చాయి. బ్రిటన్‌తో ఒప్పందంపై 2025 జూలై 24న సంతకాలు జరిగాయి. ఇటువంటి ఒప్పందాలలో సుంకాల తగ్గింపు పట్టికలు ఒక భాగం, ప్రమాణాల అధ్యాయం మరొక భాగం. మొదటిది అంకెలతో కూడినది కనుక వార్తలకెక్కుతుంది. రెండవది సంప్రదింపులు, తనిఖీలు, ధ్రువపత్రాల పరస్పర గుర్తింపు, సమాచార మార్పిడి వంటి విధానాలతో కూడినది కనుక సాధారణంగా చర్చకు రాదు. రైతు సరకు ఓడ దిగుతుందా లేదా అన్నది తేల్చేది తరచుగా ఈ రెండవ భాగమే.

కోడి మాంసం నేర్పిన పాఠం

అమెరికాలో వినియోగదారులు కోడి రొమ్ము మాంసాన్ని ఎక్కువగా ఇష్టపడతారు. అందువల్ల అక్కడ మిగిలిపోయే కాళ్లు, తొడలు తక్కువ ధరకు ఎగుమతి కాగలవు. మన దేశంలో లెగ్ పీసుకే గిరాకీ ఎక్కువ. ఈ దిగుమతిపై భారతదేశం నూరు శాతం సుంకం విధించింది. దానికి తోడు బర్డ్ ఫ్లూ నివేదించిన దేశాల నుంచి కోడి మాంసం, గుడ్ల దిగుమతిని 2007 నుంచి నిషేధించింది. తీవ్రత తక్కువ గల వైరస్ రకం కనిపించినా దేశం మొత్తానికీ నిషేధం వర్తించేది.

దీనిపై అమెరికా 2012 మార్చిలో ఫిర్యాదు చేసింది. 2014 అక్టోబర్‌లో విచారణ మండలి, 2015 జూన్‌లో అప్పీలు మండలి భారత్‌కు వ్యతిరేకంగా నిర్ణయించాయి. ఇందుకు కారణాలు వ్యవసాయ శాస్త్రవేత్తలు గమనించదగినవి. మొదటిది, నిషేధం ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ప్రమాణాలపై ఆధారపడలేదు. వాటిని మించిన రక్షణ కోరినప్పుడు చూపవలసిన ప్రమాద అంచనా కూడా లేదు. రెండవది, దేశంలో వ్యాధి వచ్చినప్పుడు ఆ ప్రదేశం చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేరకే ఆంక్షలు విధిస్తూ, విదేశంలో వస్తే ఆ దేశం మొత్తాన్నీ నిషేధించడం వివక్షగా తేలింది. వ్యాధి రహిత ప్రాంతాలను గుర్తించే నియమాన్ని పాటించలేదన్నది మూడవ కారణం.

నిర్ణయం అమలు కాలేదంటూ అమెరికా 2016లో ఏటా 45 కోట్ల డాలర్ల మేరకు ప్రతిచర్యలకు అనుమతి కోరింది. చివరకు 2023 సెప్టెంబర్‌లో ఉభయ దేశాలు రాజీకి వచ్చాయి. గడ్డకట్టించిన టర్కీ, బాతు మాంసాలు, బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ వంటి వాటిపై సుంకం తగ్గించడానికి భారత్ అంగీకరించింది. ప్రమాణంపై మొదలైన వివాదం సుంకాల బేరంతో ముగిసిందని గమనించాలి. ఆధారం లేని ప్రమాణం చివరకు మరొక చోట మూల్యం చెల్లింపజేస్తుందన్నది ఇందులోని పాఠం. మన కోళ్ల పరిశ్రమకు ముప్పు లేదని దీని అర్థం కాదు. ఆ ముప్పును నిఘా లెక్కలతో, ప్రయోగశాల ఫలితాలతో నిరూపించే సామర్థ్యం ముందే సమకూర్చుకోవాలని దీని అర్థం.

సరిహద్దు దాటాలంటే: మిరప, వరి, రొయ్య

ఎగుమతి వైపు చూస్తే ఇదే నియమం ఎదురు దిశలో పనిచేస్తుంది. 2003లో భారతీయ మిరప ఉత్పత్తులలో సూడాన్-1 అనే నిషిద్ధ రంగును ఫ్రాన్స్ గుర్తించడంతో, యూరోపియన్ యూనియన్ ప్రతి సరకుకూ పరీక్షా పత్రం తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి సుగంధ ద్రవ్యాల బోర్డు ఎగుమతికి ముందు పరీక్షలను కట్టుదిట్టం చేసింది. గుంటూరులోనూ ఆ బోర్డు ప్రయోగశాల పనిచేస్తున్నది.

రంగు కల్తీ వ్యాపారి చేసే నేరం. అఫ్లాటాక్సిన్ సమస్య అలా కాదు. అది కల్లంలోనే పుడుతుంది. ఎండు మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్లకు యూరప్ పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. సుగంధ ద్రవ్యాలకు మన దేశ పరిమితి 30 మైక్రోగ్రాములు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న సరకు గుంటూరు, ఖమ్మం, వరంగల్ మార్కెట్లలో నిరాటంకంగా అమ్ముడవుతుంది, రాటర్‌డ్యామ్ రేవులో తిరస్కరణకు గురవుతుంది. సుంకం సున్నా అయినా ఈ తేడా చెరిగిపోదు.

వరిలో ఉదాహరణ ట్రైసైక్లజోల్. సాంబ మసూరి వంటి నాణ్యమైన రకాలు అగ్గి తెగులుకు లోనవుతాయి కనుక రైతులు ఈ మందును విస్తృతంగా వాడుతున్నారు. 2017లో యూరోపియన్ యూనియన్ బియ్యంలో దీని గరిష్ఠ అవశేష పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01 మిల్లీగ్రాముకు, అంటే నూరో వంతుకు, తగ్గించింది. ఈ దెబ్బ ప్రధానంగా ఉత్తరాది బాస్మతి ఎగుమతులకు తగిలినా, సన్న బియ్యానికి విదేశీ మార్కెట్లు వెతుకుతున్న తెలుగు రాష్ట్రాలకు అది ముందస్తు హెచ్చరిక.

రొయ్యల అనుభవం మరింత స్పష్టమైనది. జపాన్‌తో ఒప్పందం అమలులోకి వచ్చిన మరుసటి సంవత్సరమే, 2012లో, ఆ దేశం భారతీయ రొయ్యలలో ఎథాక్సిక్విన్ అవశేషాలకు పరీక్షలు మొదలుపెట్టింది. చేపల పొడి పాడవకుండా మేతలో కలిపే పదార్థమిది. ప్రత్యేక పరిమితి లేనందున 0.01 పీపీఎం అనే ఏకరూప పరిమితి వర్తించి, ఎగుమతులు చిక్కుల్లో పడ్డాయి. శాస్త్రీయ సమీక్ష అనంతరం 2014లో జపాన్ దానిని 0.2 పీపీఎంకు సడలించింది. అంటే వాణిజ్య ఒప్పందం ఇవ్వలేని ఊరటను శాస్త్రీయ వాదన ఇచ్చింది.

ప్రమాణం ఎవరి కోసం?

కఠిన ప్రమాణాలన్నీ సంపన్న దేశాల కుయుక్తులేనన్న అభిప్రాయం మన దేశంలో బలంగా ఉంది. కొన్నింటి విషయంలో అది నిజం కావచ్చు. అన్నింటి విషయంలో కాదు. 1960లో ఇంగ్లండ్‌లో కలుషిత వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయిన తరువాతే అఫ్లాటాక్సిన్ వెలుగులోకి వచ్చింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించారు. ఆ విషాదానికి అఫ్లాటాక్సిన్ కారణమని పరిశోధించి తెలియజేసినది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. ఈ విషం కోళ్ల మేతలో చేరితే గుడ్ల దిగుబడి, రోగనిరోధక శక్తి తగ్గుతాయి. కాబట్టి కిలోకు 10 మైక్రోగ్రాముల పరిమితిని విదేశీయుడి షరతుగా మాత్రమే చూడడం తగదు. ఎగుమతికి నాణ్యమైన సరకును, తిరస్కృతమైన దానిని స్వదేశీ వినియోగదారునికి పంపే ద్వంద్వ విధానమే అసలైన అన్యాయం.

ఒప్పందాలు ప్రమాణాలను పైకి లాగుతాయా, కిందకు దించుతాయా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ద్రాక్ష విషయంలో పైకి లాగాయి. 2003లో యూరప్‌లో మన ద్రాక్ష మెథోమిల్ అవశేషాల కారణంగా తిరస్కృతమైన తరువాత, ప్రతి తోటను నమోదు చేసి, కోతకు ముందే పరీక్షించే గ్రేప్‌నెట్ వ్యవస్థ ఏర్పడింది. మరికొన్ని సందర్భాలలో ఒత్తిడి కిందకే ఉంటుంది. 24 ఆహార పంటల దిగుమతులకు జన్యుమార్పిడి రహిత ధ్రువపత్రం అవసరమని భారత ఆహార భద్రతా, ప్రమాణాల ప్రాధికార సంస్థ విధించిన నిబంధన 2021 మార్చి 1 నుంచి అమలులోకి రాగా, దానిపై అమెరికా అభ్యంతరం తెలిపింది. అదే ఏడాది ఆగస్టులో మేత ధరలు పెరిగినప్పుడు, మన కోళ్ల పరిశ్రమ కోరికపైనే, 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి కేంద్రం అనుమతించింది. ఒత్తిడి ఎప్పుడూ బయటి నుంచే రాదు. మొక్కజొన్న, సోయా పండించే రైతు ప్రయోజనం, వాటిని కొని కోళ్లకు పెట్టే రైతు ప్రయోజనం ఒకటి కాకపోవచ్చు.

క్షేత్రస్థాయిలో చేయదగినవి

ఒప్పందాల చర్చలు ఢిల్లీలో జరిగినా, ప్రమాణాన్ని అందుకోవలసినది పొలంలోనే. మిరపలో అఫ్లాటాక్సిన్ నివారణకు పెద్ద సాంకేతికత అవసరం లేదు. పూర్తిగా పండిన కాయలనే కోయాలి. నేలపై గాక శుభ్రమైన టార్పాలిన్ పట్టాలపై లేదా సిమెంటు కల్లంపై ఆరబెట్టాలి. రాత్రివేళ మంచు తగలకుండా కుప్పచేసి కప్పాలి. తాలు కాయలను, తెగులు సోకిన కాయలను వేరు చేయాలి. తేమ 10–11 శాతానికి తగ్గిన తరువాతే బస్తాలకెత్తాలి. కాయ విరగకుండా ఉండటానికని, తూకం కోసమని బస్తాలు నింపేముందు నీళ్లు చిలకరించే అలవాటు శిలీంధ్రానికి ఆహ్వానం పలకడమే. దీన్ని మాన్పించడం విస్తరణ సేవల తక్షణ కర్తవ్యం.

అవశేషాల విషయంలో మందు ఎంపిక, పిచికారీకి కోతకు మధ్య వ్యవధి కీలకం. 2021–22లో తామర పురుగుల ఉధృతికి మిరప రైతులు వారానికి పలుమార్లు మందులు కొట్టిన అనుభవం మరువరానిది. సిఫారసు లేని మందులను, మందుల మిశ్రమాలను విచక్షణ లేకుండా వాడితే పురుగు చావకపోవచ్చు గాని అవశేషం తప్పక మిగులుతుంది. నిలదొక్కుకోగల పరిష్కారం తెగుళ్లను తట్టుకునే రకాలే. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగుపరచిన సాంబ మసూరిని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి రూపొందించిన విధంగా, అగ్గి తెగులు నిరోధకతను జోడించే కృషికి ఇప్పుడు ఎగుమతి కోణంలోనూ ప్రాధాన్యమివ్వాలి.

పరీక్షల వ్యయం మరొక సమస్య. రెండెకరాల కౌలు రైతు ఒక్కడే తన పంట నమూనాను పరీక్ష చేయించుకోలేడు. రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా సామూహికంగా నమూనాలు సేకరించడం, మార్కెట్ యార్డుల వద్దనే ప్రాథమిక పరీక్షలు అందుబాటులో ఉంచడం, మందుల వాడకం వివరాలను రైతు చేతనే నమోదు చేయించడం ద్వారా భారం తగ్గుతుంది. ఆ నమోదులలో కౌలుదారు పేరు కూడా ఉండాలి. భూమి పట్టా ఆధారంగానే ధ్రువీకరణ జరిగితే వాస్తవంగా సాగుచేసేవాడు ఎగుమతి ధరకు దూరమవుతాడు.

పరిశోధన సంస్థల బాధ్యత

ప్రతి వాణిజ్య చర్చకు ముందు మన పక్షాన ఉండవలసినవి అంకెలు. మన వాతావరణంలో ఏ మందు ఎన్ని రోజులకు ఎంత క్షీణిస్తుంది, మన ఆహారపు అలవాట్లలో వినియోగదారునికి అందే మోతాదు ఎంత, ఏ ప్రాంతం ఏ వ్యాధి నుంచి విముక్తమైనది అన్న సమాచారం విశ్వవిద్యాలయాల క్షేత్ర ప్రయోగాల నుంచే రావాలి. సుగంధ ద్రవ్యాల కోడెక్స్ సంఘానికి భారతదేశమే ఆతిథ్యం వహిస్తున్నది. అక్కడ ప్రమాణాలను రూపొందించడంలో పాలుపంచుకునే అవకాశం మనకుంది. కోడి మాంసం వివాదంలో లోపించినదీ, రొయ్యల విషయంలో ఆదుకున్నదీ ఈ శాస్త్రీయ ఆధారమే. సుంకాలు ఒక సంతకంతో తగ్గవచ్చు. నమ్మదగిన అవశేష సమాచారం సమకూరడానికి అనేక పంటకాలాలు పడుతుంది. కనుక ఒప్పందం కుదిరిన తరువాత గాక, చర్చలు జరుగుతుండగానే ఆ పని మొదలుకావాలి.