సజ్దాకు వంగే మోకాలు

మోకాలి విలువ, కుర్చీలో కూర్చుని నమాజు చేయవలసి వచ్చిననాడే మనకు తెలుస్తుంది. ఆటలోనో, ప్రమాదంలోనో మోకాలి లోపలి లిగమెంటు తెగినవారిలో చాలామందిని కొన్నేళ్ళకు కీళ్ళవాతం పట్టుకుంటుంది. తొడ వెనుక నుంచి తీసిన స్నాయువును అమర్చే శస్త్రచికిత్స కాలికి పట్టునిస్తున్నది గాని, ఆ అరుగుదలను ఆపలేకపోతున్నది.

అమెరికాలో మార్థా ముర్రే, బ్రేడెన్ ఫ్లెమింగ్ పొట్టిజాతి పందులపై మరో మార్గం పరీక్షించారు. తెగిన లిగమెంటు నడుమ రక్తంలో తడిపిన కొల్లాజెన్ స్పాంజిని ఉంచి కుట్టగా, అది తిరిగి అతుక్కొన్నది. ఏడాది తరువాత ఆ మోకాళ్ళలో మృదులాస్థి, మామూలు శస్త్రచికిత్స జరిగిన వాటిలోకన్నా తక్కువగా చెడింది. 2013లో ఈ ఫలితం వెలువడింది. ఆ మూగజీవాల ఋణం చిన్నదేమీ కాదు.

మన ఇళ్ళలో వెంటనే తలెత్తే సందేహం ఒకటున్నది. పరీక్ష పందిపై జరిగినా, స్పాంజి తయారయ్యేది ఆవు కణజాలంతో. అది జిబహ్ అయిన పశువుదేనా అన్నది ఆలిములను అడగవలసిన మాట. 2020 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దీనిని అనుమతించింది. మనుషుల మోకాళ్ళను కీళ్ళవాతం నుంచి కాపాడుతుందా అన్నది ఏళ్ళ తరబడి పరిశీలించి తేల్చవలసినదే.