కుక్క కాటు – కూనూరు సూది

మన కోయంబత్తూరు ప్రాంతపు ఇళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర కూనూరు పేరెత్తితే వారికి చలిగాలీ, టీ తోటలూ జ్ఞాపకం రావు. బొడ్డు చుట్టూ వేసే పధ్నాలుగు సూదులు జ్ఞాపకం వస్తాయి. మేట్టుపాళయంలో కొండ రైలెక్కి, కూనూరు పాస్టరు ఇన్‌స్టిట్యూటుకు పోయి సూదిమందు వేయించుకొని వచ్చినవారి కథలు మనం చిన్ననాట విన్నవే. పిచ్చికుక్క కరిచినవారికి దక్షిణాదిలో వైద్యం జరగాలని 1907లో ఆ సంస్థను స్థాపించారు. మన దేశంలో అంతకు ముందున్నది 1900లో మొదలైన కసౌలీ సంస్థ. అంత దూరం పోయేలోపల ఇక్కడివారి గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఈ మధ్య మా వీధిలో పదేళ్ళ పిల్లవాణ్ణి కుక్క పిక్క మీద కరిచింది. వాడు ఆ సంగతి మూడు రోజులు ఇంట్లో చెప్పలేదు. ఎందుకురా దాచావంటే, “బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు వేస్తారని అవ్వ చెప్పింది” అన్నాడు. ఆ మాట విన్న తరువాత కూడా ఒకరు సున్నం పెట్టమన్నారు, ఒకరు మిరప్పొడి అద్దమన్నారు. చివరకు వాళ్ళ నాయన బిడ్డను భుజాన వేసుకొని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాడు. పిల్లవాడు బాగున్నాడు. గాని ఆ మూడు రోజులు తలచుకుంటే మాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. వాడు భయపడిన ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 చివరనే ఆగిపోయింది. మందు పోయింది, భయం మాత్రం మిగిలింది. ఆ భయం పోవాలంటే కుక్క చొంగలో వున్న శత్రువు ఎటువంటిదో, అది లోపలికి పోయి ఏమి చేస్తుందో తెలుసుకోవడం మంచిదని తోచి ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

ఈ జబ్బును తమిళంలో ‘వెఱినాయ్ కడి’ అంటారు. మనం వెర్రికుక్క కాటు అంటాము. డాక్టర్లు రేబీస్ అంటారు. దీనికి కారణం ఒక వైరస్. ఇది మామూలు క్రిమి వంటిది కాదు. తినదు, పెరగదు, ఊపిరి పీల్చదు. జీవకణం బయట వున్నంతసేపూ అది కదలిక లేని పొట్లం మాత్రమే. తుపాకీ గుండు ఆకారంలో, ఒక చివర గుండ్రంగా, ఒక చివర చదునుగా వుంటుంది. ఒక మిల్లీమీటరు పొడవున వీటిని బారుగా పేరిస్తే అయిదు వేలకు పైగా పడతాయి.

ఆ పొట్లంలో వున్నవి మూడే. నడుమ ఆర్.ఎన్.ఏ. అనే పోగు, దానికి చుట్టుకొన్న మాంసకృత్తులు, పైన పల్చని క్రొవ్వు పొర. ఆ పోగు అయిదే పద్దులున్న చిన్న చిట్టా వంటిది. క్రొవ్వు పొర దాని సొంతం కాదు, వెనుక తాను చొరబడిన కణం నుండి దొంగిలించి తెచ్చుకొన్న దుప్పటి. ఆ దుప్పటి మీద ముళ్ళ వంటి మాంసకృత్తులు పొడుచుకొని వుంటాయి. ఈ ముళ్ళే దాని తాళంచెవులు.

కుక్క పన్ను దిగినప్పుడు చొంగతో బాటు వైరస్ కండలోకి పోతుంది. నరం కొన కండను తాకి హుకుం అందించే చోట కొన్ని తలుపులున్నవి. వైరస్ ముల్లు ఆ తాళాలకు సరిపోతుంది. కణం మోసపోయి, ఏదో తనకు కావలసిన సరుకే అనుకొని, దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాగుకొంటుంది. ఆ సంచిలో పులుపు ఎక్కగానే ముళ్ళ రూపం మారి, వైరస్ దుప్పటీ సంచి గోడా ఒకటిగా కలిసిపోతాయి. లోపలి పోగు బయటపడుతుంది.

నరం కొన నుండి మూలానికి సామాను మోసే ఏర్పాటు ఒకటి మన శరీరంలో సహజంగానే వున్నది. వైరస్ దాన్ని ఎక్కి, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున వెన్నుపాము వైపు, అక్కడి నుండి మెదడు వైపు సాగిపోతుంది. మదురైవాసులకు వేరే చెప్పనక్కరలేదు. వెళి వీధిలో దిగినవాడు మాసి వీధి, ఆవణిమూల వీధి, చిత్తిరై వీధి దాటి గుడి చేరినట్లే. కాలి మీద కరిస్తే దారి ఎక్కువ, ముఖం మీద కరిస్తే తక్కువ. అందుకనే జబ్బు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు వారంలోనే రావచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు.

ఇక ఒకటి వేలు ఎలా అవుతుంది? మన దేవాంగుల ఇళ్ళలో జకార్డు మగ్గం చూచినవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. చిల్లులు పొడిచిన అట్టలను మగ్గానికి తగిలిస్తే, ఆ చిల్లుల ప్రకారమే చీరలో పువ్వు పడుతుంది. అట్ట యజమానిదా, దొంగదా అని మగ్గం అడగదు. జీవకణమూ అంతే. రేబీస్ చిట్టాలో మరొక తిరకాసు వున్నది. ఆఫీసులో మేము వాడే రబ్బరు ముద్ర మీది అక్షరాల వలె అది తిరగబడి వుంటుంది. నేరుగా చదివితే కణానికి అర్థం కాదు. కాబట్టి దాన్ని తిప్పి అచ్చువేసే పనివాణ్ణి, అంటే ఒక మాంసకృత్తును, వైరస్ తన వెంటనే తెచ్చుకొంటుంది. నకళ్ళు బయటికి రాగానే కణంలోని నేతగాళ్ళు తమ నూలుతో వైరస్ భాగాలు నేయడం మొదలుపెడతారు. భాగాలు చేరి పూర్తి వైరస్‌లై, కణం పొరనే దుప్పటిగా కప్పుకొని ప్రక్క నరానికి పోతాయి. ఇటలీ వైద్యుడు నెగ్రీ 1903లో జబ్బుపడిన మెదడు కణాలలో కొన్ని చుక్కలను చూచాడు. అవి ఈ దొంగ కార్ఖానాలేనని తరువాతి కాలంలో తేలింది.

మెదడు చేరిన వైరస్ నరాల వెంట దిగి చొంగ గ్రంథులకు పోతుంది. జంతువుకు వెర్రి ఎక్కిస్తుంది, చొంగలో తాను నిండుతుంది. కరిచే కోరికా, కరిస్తే అంటే విషమూ ఒక్క నోటనే కూడుతాయి. మనిషిలో లక్షణాలు కనబడిన తరువాత బ్రతికి బయటపడినవారు అత్యంత అరుదు.

ఇదంతా వింటే భయం కలగవచ్చు. గాని నిదానించి చూస్తే, శత్రువు నడిచే ప్రతి అడుగు దగ్గరా మనకొక అడ్డుకట్ట వున్నది.

మొదటిది సబ్బు. దాని దుప్పటి క్రొవ్వు కదా! నూనె మరకను వదిలించినట్లు సబ్బు దాన్ని కరిగిస్తుంది. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్ళ క్రింద 15 నిమిషాలు సబ్బుతో కడగాలి. సున్నం, కారం, పసుపు, ఆకు పసరు – ఏదీ పెట్టరాదు.

రెండవది, గాయం లోతైనదైతే అక్కడనే చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్. అది వైరస్ ముళ్ళను పట్టుకొని తాళంలో దూరకుండా చేస్తుంది.

మూడవది టీకా. మన శరీరమే అటువంటి రక్షకులను తయారుచేసుకొనడానికి వారం పది రోజులైనా పడుతుంది. వైరస్ నరంలో నడిచే ఆ కాలమే మనకు దొరికిన గడువు. ఆ పిల్లవాడు పోగొట్టుకొన్న మూడు రోజులు ఈ గడువులోనివే. అందుచేత ఆలస్యమైనా సరే వెళ్ళవలసిందే, ఆలస్యమైంది గదా అని మానరాదు. కుక్క బాగున్నదో లేదో టీకా మొదలుపెట్టిన తరువాత చూచుకోవచ్చు.

1885 జూలై 6వ తేదీన పాస్టరు మహాశయుడు తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టరుకు టీకా మొదలుపెట్టినది ఈ గడువును నమ్ముకొనే. శత్రువు రూపాన్ని ఆయన చూడలేదు. ఎలెక్ట్రాను సూక్ష్మదర్శిని రావడానికి ఇంకా చాలా ఏళ్ళు వున్నది. తరువాత మన దేశంలో గొర్రె మెదడుతో చేసిన మందు వచ్చింది. కడుపు మీద అన్ని సూదులు వేసినది అదే. ఇప్పటి టీకా ప్రయోగశాలలో పెంచిన కణాల నుండి తీసినది, భుజాన వేస్తారు. చర్మంలో వేస్తే నాలుగు సార్లు, కండలో వేస్తే అయిదు సార్లు, అంతే. సర్కారు ఆసుపత్రులలో ఉచితం. కూనూరు పోనక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుకు బలి అవుతున్నారు. అందులో మూడవ వంతుకు పైగా మన దేశంవారే. అనుమానమున్న జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను తుడిచివేయాలని మన ప్రభుత్వం సంకల్పించింది. పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయించడం అందులో మన వంతు.

మన ఇళ్ళలోని అవ్వలకు, తాతలకు ఒక్క మనవి. కూనూరు కథ పిల్లలకు చెప్పండి, అది మన ప్రాంతపు చరిత్ర. గాని కథ చివర ఈ మాట కూడా చేర్చండి: “కుక్క కరిచినా, గీరినా ఆ క్షణమే వచ్చి చెప్పు నాయనా, నిన్నెవరూ కొట్టరు, తిట్టరు.” ఆ మాట నమ్మకంగా విన్న బిడ్డ మూడు రోజులు దాచడు.