ఆకు మారినా చెట్టు చెరగదు

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఒకసారి తయారైన డేటాను మళ్లీ మార్చరు. హాస్కెల్, క్లోజర్ వంటి భాషలకు ఈ నియమమే పునాది. విలువ ఎప్పటికీ మారదని తెలిస్తే ప్రోగ్రామ్‌లోని ఏ భాగమైనా దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. మరి కాలేజీ రికార్డులో విభాగాలు, విభాగంలో విద్యార్థులు, విద్యార్థి వివరాల్లో చిరునామా, అందులో పిన్‌కోడ్ ఉన్నప్పుడు, ఇన్ని పొరల అడుగున ఉన్న ఆ పిన్‌కోడ్‌ను సరిచేసేదెలా?

అందుకు రికార్డు మొత్తాన్ని కాపీ చేయనక్కర్లేదు. పైనుంచి పిన్‌కోడ్ దాకా వెళ్లే దారిలోని పొరలను మాత్రమే కొత్తగా కడతారు. దారికి పక్కన ఉన్నవన్నీ పాత రికార్డుకూ కొత్త రికార్డుకూ ఉమ్మడి. వాటిని ఎవరూ మార్చలేరు కనుక ఉమ్మడిగా ఉన్నా ప్రమాదం లేదు. ఇలా పొరలుగా పేర్చిన డేటాను ట్రీగా, అందులోని ఒక్కో ముక్కను నోడ్‌గా చూడవచ్చు. 10 లక్షల నోడ్‌లున్న సమతూకపు బైనరీ ట్రీ లోతు సుమారు 20 అంతస్తులే. అంటే ఒక్క మార్పుకు 20 కొత్త నోడ్‌లు సరిపోతాయి. పాత ట్రీ చెక్కుచెదరదు కాబట్టి ఎడిటర్లలో 'అన్‌డూ' వంటి సదుపాయం కల్పించడం తేలిక. ఇలాంటి నిర్మాణాలను క్రిస్ ఒకసాకి 1998లో వచ్చిన తన పుస్తకంలో క్రమబద్ధంగా వివరించాడు.

దారిలోని ప్రతి పొరనూ విప్పి, మళ్లీ కట్టే కోడ్‌ను చేత్తో రాయడం విసుగు పుట్టించే పని. ఆ భారాన్ని తగ్గించేది 'లెన్స్'. పెద్ద విలువలోంచి ఒక భాగాన్ని చదివే ఫంక్షన్, ఆ భాగం స్థానంలో వేరొకటి ఉంచి కొత్త విలువనిచ్చే ఫంక్షన్ కలిస్తే లెన్స్ అవుతుంది. విద్యార్థి నుంచి చిరునామాకు ఒకటి, చిరునామా నుంచి పిన్‌కోడ్‌కు ఒకటి ఉంటే, రెండింటినీ కలిపి నేరుగా పిన్‌కోడ్‌కు చేరే లెన్స్ తయారవుతుంది. అయితే కొన్ని నియమాలు తప్పకూడదు. ఉంచినదే తిరిగి చదవగలగాలి. చదివినదాన్నే తిరిగి ఉంచితే ఏమీ మారకూడదు. రెండుసార్లు వరుసగా ఉంచితే రెండోదే నిలవాలి. ఒకే చోట కాక, విద్యార్థులందరి పిన్‌కోడ్‌లనూ ఒకేసారి సవరించాలంటే 'ట్రావర్సల్' అనే విస్తృత రూపం ఉంది.

వెళ్లాల్సిన చోటు ముందే తెలిస్తే లెన్స్ బాగుంటుంది. ట్రీలో అటూఇటూ తిరుగుతూ మార్పులు చేయాలంటే 'జిప్పర్' మేలు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జెరార్ హ్యూయే 1997లో దీన్ని ప్రచురించాడు. ఇందులో రెండు భాగాలుంటాయి: ప్రస్తుతం దృష్టి నిలిపిన ఉపవృక్షం, దాని నుంచి పైకి వెళ్లే దారి. దారిలోని ప్రతి మెట్టు దగ్గర, పక్కన వదిలివచ్చిన కొమ్మలు భద్రంగా ఉంటాయి. పైకి ఒక అడుగు వేస్తే ఆ కొమ్మలు మళ్లీ అతుక్కుంటాయి. ఉన్నచోట మార్పు చేయడానికి ట్రీ పైభాగం దాకా వెళ్లిరావాల్సిన పనిలేదు. హాస్కెల్‌లో రాసిన 'ఎక్స్‌మొనాడ్' విండో మేనేజర్ ఏ విండోపై దృష్టి ఉందో గుర్తుంచుకునేది జిప్పర్‌తోనే.

జిప్పర్ వెనుక చక్కని గణితముంది. దాని దారిలోని ప్రతి మెట్టూ ఒక చోటు ఖాళీగా ఉన్న నిర్మాణమే. ఒకే రకం గడులు మూడున్న రికార్డును x³గా రాస్తే, దాని అవకలనం 3x². ఖాళీ చేయదగిన గడిని ఎంచుకునే మార్గాలు మూడు, నిండుగా మిగిలే గడులు రెండు. ఒక చోటు ఖాళీగా ఉన్న నిర్మాణపు రకం, అసలు రకానికి అవకలనమేనని కానర్ మెక్‌బ్రైడ్ 2001లో చూపించాడు. అందువల్ల ఎన్నో రకాల నిర్మాణాలకు జిప్పర్‌ను విడివిడిగా ఊహించి కనిపెట్టక్కర్లేదు. అవకలన సూత్రాలతోనే రాబట్టవచ్చు.