మరల పరుగు మొదలిడువారి కండరములు

ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబులు ఉద్యోగములకు 2022లో ప్రకటన వెలువడినది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగినది. దేహదారుఢ్య పరీక్షలు మాత్రము 2024 డిసెంబరు చివరగాని మొదలు కాలేదు. ఇన్నినాళ్ళు సాధన మానిన అభ్యర్థి అమరాపురమువాడైనను, అనంతపురమువాడైనను చిక్కు ఒక్కటే. పురుషులు 1600 మీటర్లను 8 నిమిషములలో పరిగెత్తవలెను. అనగా గంటకు 12 కిలోమీటర్ల వేగము. మొదటి రోజుననే ఆ వేగమునకు పూనుకొన్నచో మరునాడు మెట్లు దిగుటయే కష్టమగును. ఎందువలన?

సాధన మానిన కొలది వారములకే రక్తములోని ద్రవభాగము తగ్గును. గుండె ఒక్కొక్క స్పందనలో పంపు రక్తమును తగ్గును. ఆ కొరత తీర్చుటకు గుండె వడిగా కొట్టుకొనును. ఆయాసమునకు కారణమిదే.

మరునాటి నొప్పి సంగతి వేరు. ఇది లాక్టికామ్లమువలన కలుగునని పలువురి నమ్మకము. కాని పరుగు ఆగిన సుమారు గంటలోనే రక్తములోని లాక్టేటు మామూలు మట్టమునకు దిగును. నొప్పియో, మరునాడు, మూడవనాడు ముదురును. కండరములోని సూక్ష్మమైన చీలికలే దీనికి మూలమని అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడోర్ హఫ్ 1902లోనే సూచించెను. పాదము నేలను తాకినపుడు తొడ కండరములు బిగిసియుండియే సాగును. నిండు బిందెను తలపైనుండి మెల్లగా దించునపుడు చేతి కండరములు చేయు పనియు ఇట్టిదే. అలవాటు తప్పిన కండరములో ఈ సాగుడుకు సన్నని తంతువులు అక్కడక్కడ చెదరును. వాటిని బాగుచేయు ప్రయత్నములో వాపు కలిగి, నాడుల కొనలు సున్నితమగును. పల్లమునకు పరిగెత్తిన దినమున నొప్పి హెచ్చుట ఇందువలననే.

అయితే ఒకసారి నొచ్చి కోలుకొన్న కండరము అదే శ్రమకు మరల అంతగా నొవ్వదు. ఈ రక్షణ కొన్ని వారములు నిలుచును. కావున తొలి పరుగు కొద్దిపాటిదైనను వ్యర్థము కాదు. ఒక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక చొప్పున ఇరువది నిమిషములు, దినము విడిచి దినము చేయుట మంచి ఆరంభము. పరిగెత్తుచు ఒక వాక్యమును పూర్తిగా పలుకగలిగినచో వేగము తగియున్నదని గుర్తు.

ఇక్కడ ఒక మెలకువ అవసరము. గుండె, రక్తము కొన్ని వారములలోనే తేరుకొనును. ఎముకలకు, స్నాయుబంధనములకు నెలలు పట్టును. ఊపిరి చక్కగా ఆడుచున్నదని తొందరపడి దూరము పెంచువారు దెబ్బతినునది ఇచ్చటనే. రెండు తొడలలోను సమానముగా నుండి, కొంత నడవగానే సడలు నొప్పికి భయపడనక్కరలేదు. ఎముకపై ఒకేచోట గ్రుచ్చినట్లు నొచ్చినను, కీలు వాచినను, కుంటు వచ్చినను పరుగు ఆపవలెను. గుండెలో నొప్పి వచ్చినను, మూత్రము ముదురు గోధుమరంగుకు మారినను వెంటనే వైద్యుని చూడవలెను.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఉదయము లేచిన వెంటనే నాడిని లెక్కింపజేసి, వారమువారము వ్రాయింపవచ్చును. సాధన సాగినకొలది ఆ అంకె మెల్లగా దిగుచుండును. కోల్పోయిన శక్తి తిరిగి వచ్చుచున్నదనుటకు అదియే తార్కాణము.