కత్తి వంగినను విరుగదేల?

బోథ్ నుండి దక్షిణముగా మహబూబ్ ఘాటు దిగి, నిర్మలును, గోదావరిని దాటి పోయినచో, పారశీక వర్తకులు సైతము ఉక్కు కొనుటకు వచ్చుచుండిన కోనసముద్రము కలదు. 1820 ప్రాంతమున హెన్రీ వాయ్సే అను భూగర్భశాస్త్రజ్ఞుడు అచ్చటి మూసలను, కొలుములను చూచి వర్ణించెను.

ఆ ఉక్కు కత్తి వంగినను విరుగకుండుట వింతయే; ఏలయన గట్టి లోహము పెళుసుగాను, వంగునది మెత్తగాను ఉండుట సామాన్యము. ఎందుకు? లోహమున పరమాణువులు వరుసలు తీరియుండును. వంచినపుడు వరుస యంతయు ఒక్కసారి జరుగదు. పరచిన జంపఖానాలో ముడుతను ఈ కొస నుండి ఆ కొసకు త్రోసినట్లు, 'స్థానభ్రంశము' అను లోపము పాకుచు పోవును. అది స్వేచ్ఛగా పాకినచో లోహము మెత్తన; బొత్తిగా ఆగినచో పగులు పుట్టును. కావున దానిని నిలుపక, అడుగడుగున నిరోధింపవలెను.

కోనసముద్రపు మూసలోని ఉక్కున కర్బనము నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు. చల్లారునపుడు ఇనుప కార్బైడు, లోహపు స్ఫటిక రేణువుల అంచుల వెంట వలవలె అల్లుకొనును. పగులునకు అదియే రాజమార్గము. ఆ ఉక్కును తెల్లగా కాలునంత కాచి కొట్టిన ఐరోపా కమ్మరుల చేతిలో అది పొడియయ్యెను! ఎఱ్ఱని వేడిమియందే ఓర్పుతో సాగగొట్టినచో, ఆ వల తునిగి, కణములై చెదరి, స్థానభ్రంశములకు అడ్డు నిలుచును.

నేడు హైదరాబాదునందలి మిధాని చేయు మారేజింగ్ ఉక్కున కర్బనము దాదాపు శూన్యము. నికెలు కలిసిన మెత్తని ఉక్కును సుమారు 480 డిగ్రీల సెల్సియసు వద్ద కొన్ని గంటలుంచగా, అతిసూక్ష్మ కణములు లోపలనే పుట్టి ఆ పనియే చేయును.