వంగ పుచ్చుకు మందొక్కటే మార్గం కాదు

మెదక్: కూరగాయల రైతును అప్పులపాలు చేసేది పురుగొక్కటే కాదు, పురుగుమందు కూడా. వంగను తొలిచే పురుగు కొమ్మలోపల, కాయలోపల దాగి వుంటుంది. పైన ఎంత చల్లినా దానికి తగలదు. చచ్చేది రైతుకు మేలు చేసే అక్షింతల పురుగులు, సాలీళ్ళే.

అందుకే సమగ్ర సస్యరక్షణ మేలు. వాడిన కొమ్మలను పురుగుతో సహా తుంచి కాల్చివేయాలి. పుచ్చిన కాయలను గట్టుమీద పారవేయరాదు, పాతిపెట్టాలి. లింగాకర్షక బుట్టలు పెడితే మగ రెక్కల పురుగులు అందులో పడతాయి.

టమాటాలో 16 సాళ్ళకు ఒక సాలు బంతి వేస్తే శనగపచ్చ పురుగు తల్లి బంతిపూల మీదనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. ఇందుకు బంతి నారు పదిహేను రోజులు ముందే పోసుకోవాలి.

5 కిలోల వేపగింజల పొడిని రాత్రి నీటిలో నానబెట్టి, ఉదయం వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్లు చేసి ఆ సాయంత్రమే చల్లాలి. తొలకరిలో రాలే వేపపండ్లు ఏరి గింజలు నీడన ఆరబెట్టుకుంటే ఖర్చు కూలి మాత్రమే. అప్పటికీ పురుగు అదుపు కాకుంటేనే మందు.

నాటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2004 నాటికే పురుగుమందులు మానివేశారు. అక్కడ కదిలింది ఒక్క రైతు కాదు, ఊరంతా. పక్క చేనిలో పుచ్చిన కాయలు వదిలేస్తే పురుగు మన చేనికి తిరిగి రాక మానదు మరి!