ఒక్కరే కాదన్నారు

మన ఊళ్ళో ఇద్దరికి తగవు వచ్చిందనుకోండి. పెద్దమనిషి దగ్గరకు పోతాం. ఆ పెద్దమనిషి ఎదుటివాళ్ళ చుట్టమైతే? వాళ్ళింట్లో భోంచేసి వచ్చి కూర్చుంటే? ఆ తీర్పును మనం నమ్మం.

కోర్టులో జడ్జికీ అంతే. తన చుట్టాల కేసు తాను వినకూడదు. కానుకలకు ఆశపడకూడదు. సుప్రీంకోర్టు జడ్జీలు 1997లో ఇలాంటి నియమాలు తమకు తామే రాసుకున్నారు.

మరి తగవు ప్రభుత్వంతోనే వస్తే? అప్పుడు జడ్జికి ధైర్యం కావాలి. అందుకే రాజ్యాంగం ఒక కట్టడి పెట్టింది. తీర్పు నచ్చలేదని సుప్రీంకోర్టు జడ్జిని ఏ మంత్రీ తీసెయ్యలేడు. పార్లమెంటులో రెండు సభలూ ఒప్పుకోవాలి. కానీ రావలసిన పెద్ద పదవి రాకుండా చేయవచ్చు కదా! అదీ జరిగింది.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టారు. అంటే అత్యవసర పరిస్థితి. అప్పుడు ఇందిరాగాంధీ ప్రధానమంత్రి. లక్ష మందికి పైగా జైళ్ళలో పెట్టారు. చాలామందికి కారణం కూడా చెప్పలేదు. "మా మనిషిని ఎందుకు పట్టుకుపోయారు?" అని ఇంటివాళ్ళు కోర్టుకెక్కారు. అలా అడగవచ్చని పలు హైకోర్టులు అన్నాయి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు పోయింది.

అక్కడ అయిదుగురు జడ్జీలు కేసు విన్నారు. వారిలో ఒకరు హెచ్.ఆర్. ఖన్నా. మనిషి ప్రాణం తీసినా ఇంతేనా అని ఆయన ప్రభుత్వ లాయరును అడిగారు. చట్టం తప్పి ప్రాణం తీసినా కోర్టులు ఏమీ చేయలేవని లాయరు చెప్పారు. ఎంత మాటో చూడండి!

1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది. నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపే చెప్పారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఇలా రాస్తే ప్రధాన న్యాయమూర్తి పదవి తనకు దక్కదని ఆయనకు తెలుసు. ఆ మాట ముందే తన సోదరితో చెప్పుకున్నారు. 1977 జనవరిలో అదే జరిగింది. వరసలో ఆయన ముందున్నా, వెనకున్నాయనకు పదవి ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేసి ఇంటికి పోయారు.

ఆ నలుగురూ గొప్పగా చదివినవాళ్ళే. వారిలో పి.ఎన్. భగవతి, తాను తప్పు చేశానని 2011లో ఒప్పుకున్నారు. అప్పటికి ఖన్నా లేరు.

1978లో రాజ్యాంగాన్ని సవరించారు. ఇప్పుడు ఎమర్జెన్సీ పెట్టినా ప్రాణానికున్న హక్కును ఆపడానికి వీల్లేదు. 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు వేరే కేసు విన్నారు. 1976 నాటి తీర్పు తప్పని అందులో తేల్చారు. ఆ మాట రాసినవారు డి.వై. చంద్రచూడ్. ఆనాటి నలుగురిలో ఒకరు ఆయన కన్నతండ్రి.